గోదావరి డెల్టాలో అద్దె క్యారవాన్: దూరం తక్కువ, బిల్లు ఎక్కువ

నలుగురైదుగురు స్నేహితులు కలిసి కోనసీమ చుట్టి రావాలనుకున్నప్పుడు ఈమధ్య వినిపిస్తున్న మాట క్యారవాన్. మంచాలు, వంటగట్టు, బాత్రూము అన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి లాడ్జి వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడ పొద్దుపోతే అక్కడ ఆగొచ్చు అని ఆశ పెడతారు. ఇక్కడ సమీక్షిస్తున్నది ఫోర్స్ ట్రావెలర్ పొడవు చాసిస్ మీద కట్టిన అద్దె బండి. డ్రైవర్‌తోపాటు ఇస్తారు. ఆరుగురికి సీట్లు, నలుగురికి పడకలు, ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, కప్పు మీద 400 వాట్ల సోలార్, 100 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, డబ్బా టాయిలెట్. మన దగ్గర అద్దెకు దొరికే క్యారవాన్లలో చాలావాటికి కొంచెం అటూ ఇటూగా ఇదే అమరిక కాబట్టి, కంపెనీ ఏదైనా ఈ లెక్కలు పనికొస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. బండి మంచిదే. కానీ అది దూరాలు పోయేందుకు పుట్టిన బండి. రోజుకు మూడు వందల కిలోమీటర్లు నడిస్తే దాని బ్యాటరీ నిండుతుంది, అద్దె గిట్టుబాటవుతుంది, అందరికీ కాళ్లు చాపుకునే తీరిక దొరుకుతుంది. మన డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య పట్టుమని పాతిక కిలోమీటర్లు ఉండవు. ఈ బండితో ఇక్కడ వచ్చే చిక్కుల్లో సగం ఆ దగ్గరితనం వల్ల వచ్చేవే. మిగతా సగం నీళ్ల వల్ల.

అద్దె లెక్క

రాజమండ్రిలో బయల్దేరి ధవళేశ్వరం, కడియం, రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు, అంతర్వేది, దిండి, అమలాపురం, యానాం, కోరింగ, కాకినాడ మీదుగా మళ్లీ రాజమండ్రి చేరితే మొత్తం 300 కిలోమీటర్లు దాటి కొంచెం అవుతుంది. తీరిగ్గా చూస్తే నాలుగు రోజులు. అంటే రోజుకు 75 నుంచి 80 కిలోమీటర్లు.

టూరిస్టు బండ్లకు రోజుకు కనీసం 250 కిలోమీటర్లు అని కట్టడం అద్దె వ్యాపారంలో మామూలే. అలాంటి ఒప్పందం మీద నాలుగు రోజులు తిప్పితే మీరు తిరిగేది 300, బిల్లు పడేది 1,000 కిలోమీటర్లకు. దీని మీద డ్రైవర్ బేటా, రాత్రి హాల్టు, టోళ్లు వేరు. బండి హైదరాబాదు నుంచి వస్తే గ్యారేజీ నుంచి గ్యారేజీ వరకూ మీటరు తిరుగుతుంది. రానూ పోనూ కలిపి ఎనిమిది వందల పైమాటే. అందుకని బేరం కిలోమీటర్ల మీద ఆడొద్దు. రోజువారీ అద్దె ఇంత, డీజిలు మేమే కొట్టించుకుంటాం అని ఒప్పించుకోండి. ఆ పద్ధతికి ఒప్పుకోని కంపెనీ అయితే ఈ డెల్టా వరకూ దాన్ని వదిలేయడమే మంచిది, ఎంత మెరిసే సోఫాలున్నా సరే. ఇంకో దారి కూడా ఉంది. ఎలాగూ హైదరాబాదు నుంచి వస్తున్న జట్టయితే దారిలోనే బండి ఎక్కాలి. అప్పుడు కనీస కిలోమీటర్లు ఊరికే పోవు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఆర్‌సీ, పర్మిట్ ఫొటోలు తెప్పించుకోవాలి. డ్రైవర్‌తో అద్దెకిచ్చే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుండాలి. తెల్లప్లేటు బండిని అద్దెకిస్తున్నారంటే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. ఆల్ ఇండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో ప్రత్యేకంగా అడగండి. అమలాపురం నుంచి కాకినాడకు 216 జాతీయ రహదారి మీద పోతే దారిలో యానాం తగులుతుంది. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. చూడ్డానికి మన ఊరే, కాగితాల లెక్కలో వేరే రాష్ట్రం.

సీటు బెల్టులు లెక్కపెట్టండి. నలుగురికి బెల్టులుండి ఆరుగురు కూర్చునే బండి అంటే అది నలుగురి బండే. పక్కకు తిరిగి ఉండే సోఫాలో కూర్చుని ప్రయాణం చేయకూడదు. సడన్ బ్రేకు పడితే ఆపేందుకు అక్కడ ఏమీ ఉండదు. వంటగట్టు అంచు మాత్రం ఉంటుంది. ఆరుగురికి నాలుగు పడకలే కాబట్టి ఇద్దరు లాడ్జిలోనో టెంటులోనో పడుకోవాలని ముందే ఒప్పుకుని ఎక్కితే రెండో రాత్రికి తగువులుండవు.

కరెంటు: అసలు పరీక్ష ఇక్కడే

200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ అంటే 12.8 వోల్టుల చొప్పున 2.56 యూనిట్లు. అందులో సుమారు 85 శాతం వాడుకోవచ్చు, ఇన్వర్టర్ నష్టం మరో పదో వంతు. చేతికి మిగిలేది రెండు యూనిట్లకు దగ్గర. తేమ ఎక్కువుండే మన రాత్రుల్లో ఒక టన్ను ఏసీ చల్లబడ్డాక కూడా సగటున 500 నుంచి 700 వాట్లు లాగుతుంది. పది గంటలకు ఆన్ చేస్తే ఒంటిగంటకు ఆగిపోతుంది. బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ నడుస్తుందని ఎవరైనా చెబితే, ఎన్ని ఆంపియర్ అవర్లు అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

మరి ఖర్చయింది ఎలా నిండాలి? రెండు దారులు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 30 ఆంపియర్ల డీసీ ఛార్జర్ గంటకు 0.4 యూనిట్ దాకా ఎక్కిస్తుంది. హైదరాబాదు నుంచి రాజమండ్రికి ఎనిమిది గంటలు వస్తే బ్యాటరీ నిండి ఇంకా మిగులుతుంది. అదే రాజోలు నుంచి అంతర్వేదికి ముక్కాలు గంట నడిస్తే 0.3 యూనిట్ వస్తుంది. రోజు మొత్తం మీద ఇక్కడ ఇంజన్ నడిచేది రెండు మూడు గంటలే, అంటే ఒక యూనిట్. సోలారు ఎండలో పెడితే చలికాలంలో ఒకటిన్నర యూనిట్ ఇవ్వగలదు. కానీ కోనసీమలో ఎండలో బండి పెట్టే చోటేదండీ? ఎటు చూసినా చెట్ల నీడే. రెండు పలకలను వరసగా కలిపిన బండిలో ఒక పలక మీద ఒక్క మట్ట నీడ పడినా మొత్తం ఉత్పత్తి కుంగిపోతుంది. ఫ్రిజ్, పంపు, ఫ్యాన్లు, దీపాలు, ఫోన్లు కలిసి రోజుకు యూనిట్‌కి పైనే తింటాయి. ఏసీకి మిగిలేది చాలా తక్కువ.

కాబట్టి ప్రతి రాత్రీ ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు దొరికే చోటే ఆగాలి. దిండిలో పర్యాటక శాఖ రిసార్టు, సత్రాలు, కడియం వైపు పెద్ద నర్సరీలు, హైవే మీద లారీలు నిలిపే పెట్రోలు బంకులు అడిగి చూడదగ్గవి. ఫోన్ చేసినప్పుడు పార్కింగ్ ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. పదహారు ఆంపియర్ల ప్లగ్గు, దాన్నుంచి బండి నిలిపే చోటికి ఎన్ని మీటర్లు అని అడగాలి. యూనిట్‌కి ఇంతని డబ్బు ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మర్యాద.

ఈ బండిలో ఇచ్చిన తీగ పది మీటర్లు, అదీ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది. పనికిరాదు. సొంతంగా 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి తీగ 20 మీటర్లు పట్టుకెళ్లండి. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పేయాలి. చుట్ట మీదుండగానే ఏసీ వేస్తే లోపలి పొరలు వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. బోల్తా పడేదంతా ఒకేసారి అన్నీ వేసినప్పుడే: ఏసీ, బ్యాటరీ ఛార్జర్, ఇండక్షన్ పొయ్యి కలిస్తే మూడున్నర కిలోవాట్లు దాటుతుంది, పల్లెల్లో పాత ప్లగ్గు అంత మోయలేదు. కాఫీ పెట్టుకునే పది నిమిషాలు ఏసీ ఆపండి.

ఎర్తింగ్ చూడకుండా ప్లగ్గు పెట్టొద్దు. రేకు బాడీ, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు మూడూ కలిసే చోటు ఇది. ఒక హోల్డరుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ బల్బు ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. కరెంటు పని తెలిసినవాళ్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాన్ని పెట్టి చూస్తే బల్బు నిండుగా వెలగాలి. మసగ్గా వెలిగినా, వెలగకపోయినా ఆ ప్లగ్గు వద్దు. అక్కడి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, పడిపోతే భయపడక్కర్లేదు, ఎర్తు ఉందనే అర్థం. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. దాని మీద టెస్ట్ బటన్ నొక్కి బండి తీసుకునే రోజే పరీక్షించండి. ఈ బండిలో ఉంది, పనిచేస్తుంది. దీనికి మంచి మార్కులే వేయాలి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా పల్లెల్లో వోల్టేజి పడిపోతుంది. 180 కిందికి వస్తే ఛార్జరు ఆగిపోతుంది, ఏసీ మొరాయిస్తుంది. పదిన్నర తర్వాత మళ్లీ వేసుకుంటే సరి.

నీళ్లు

చుట్టూ ఏటిపాయలు, కాలువలు, చెరువులు. అయినా ఈ ప్రయాణంలో కటకట నీళ్లకే. ఆరుగురు బకెట్టుకు బదులు చేతి షవరు వాడి తలకు పది లీటర్లతో స్నానం ముగిస్తే 60. టాయిలెట్‌కి 18. గిన్నెలకు, మొహాలకు 15. వందకు ఏడే తక్కువ, అంటే ట్యాంకు సరిగ్గా ఒక రోజుకు. వాడిన నీళ్ల ట్యాంకు ఈ బండిలో 70 లీటర్లే. కాబట్టి మంచినీళ్లు అయిపోకముందే అది నిండి షవరు కింద నీళ్లు నిలబడతాయి. ఇది డిజైన్ లోపం. ఈ రెండు ట్యాంకుల కొలతలు వేర్వేరుగా అడిగి తెలుసుకోండి.

సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బోరు నీళ్లు ఉప్పన. సఖినేటిపల్లి, అంతర్వేది, ఐ.పోలవరం వైపు బోరు నీళ్లతో ట్యాంకు నింపితే సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, పంపు వాల్వు పట్టేస్తుంది. రావులపాలెంలోనో అమలాపురంలోనో కాలువ నీళ్లు శుద్ధి చేసి ఇచ్చే కుళాయి నీళ్లు పట్టుకోవాలి. తీరం వైపు పోయాక 20 లీటర్ల టిన్నులు ఐదు కొనుక్కోవడమే. వేసవిలో వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. రబీ కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, ఆ రోజుల్లో ఊళ్లకే మంచినీళ్లకు ఇబ్బంది. వాళ్ల కుళాయి దగ్గర మనం వంద లీటర్లు పట్టడం బాగుండదు.

బండి ఎక్కగానే ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పాచి వాసనొస్తే నింపిన వంద లీటర్లలో 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కలిపి, అన్ని కుళాయిలూ ఒకసారి తిప్పి, నాలుగు గంటలుంచి పారబోసి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. ఇది కంపెనీ చేయాల్సిన పని. చేశారా అని అడిగితే అందరూ చేశామనే అంటారు.

డబ్బా టాయిలెట్ 20 లీటర్లు. ఆరుగురూ వాడితే ఒక్క రోజులో నిండుతుంది. రాత్రి అవసరానికి మాత్రమే ఉంచుకుని పగలు బంకుల్లో, హోటళ్లలో కానిచ్చేస్తే మూడు రోజులొస్తుంది. దాన్ని ఖాళీ చేయడం గురించి డ్రైవర్‌తో ముందే మాట్లాడండి. ఎవరూ చూడకుండా కాలువలో వంచేసే అలవాటు కొందరికి ఉంది. ఆ కాలువ నీళ్లే దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి ఎక్కుతాయి. సెప్టిక్ ట్యాంకున్న మరుగుదొడ్డిలోనే పోయాలి, అడిగి, పోసి, రెండు బకెట్లు నీళ్లు కొట్టి రావాలి. వాడిన సబ్బు నీళ్లకూ అదే నియమం.

రోడ్డు, ఎత్తు, బరువు

ట్రావెలర్ ఇంజను గురించి చెప్పడానికేం లేదు. 115 గుర్రాల కామన్ రైల్ డీజిలు ఇంజను, దానికి ఈ బల్లపరుపు నేల ఆటస్థలం. విడిభాగాలు, మెకానిక్కులు రాజమండ్రిలో, కాకినాడలో దొరుకుతారు. పైన చేర్చిన బాడీతోనే జాగ్రత్త. ఏసీతో కలిపి ఎత్తు మూడు మీటర్లు. 16, 216 జాతీయ రహదారుల మీద ఇబ్బంది లేదు. ఊళ్లలోకి తిరిగితే కేబుల్ టీవీ తీగలు, పందిళ్లు, వంగిన కొబ్బరి మట్టలు అన్నీ ఆ ఎత్తులోనే ఉంటాయి. కేబుల్ తీగ అయితే పొడవాటి పీవీసీ గొట్టంతో ఎత్తి దాటించవచ్చు. కరెంటు తీగ అయితే దేనితోనూ ముట్టుకోవద్దు, వెనక్కి తీయండి. ఏది కేబులో ఏది కరెంటో అనుమానమొస్తే అది కరెంటే.

కాలువ గట్ల మీది రోడ్లు కంటికి ఇంపుగా ఉంటాయి. పక్కన నీళ్లు, అవతల చేలు, లాకుల దగ్గర నురగ. ఏడు మీటర్ల బండికి మాత్రం అవి ఉచ్చులు. తారు వెడల్పు ఒకటిన్నర బండి, ఎదురుగా గడ్డి ట్రాక్టరొస్తే మార్జిన్ దిగాలి. ఆ మార్జిన్ ఒండ్రు మట్టి. వాన పడ్డ రెండు మూడు రోజుల దాకా పైన ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉండి, వెనక చక్రం బరువుకు కాలువ వైపు జారుతుంది. ఈ బండికి నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, మంచం అన్నీ వెనకే కాబట్టి బరువూ వెనకే. గట్టు అంచుకు మీటరు దూరం తగ్గనివ్వొద్దు. దారివ్వాల్సొస్తే చోటున్న దగ్గర ముందే ఆగి ఉండటం మేలు.

కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబెడతారు. కుప్పల చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి అవి కనిపించవు. రొయ్యల వ్యాన్లు కార్చుకుంటూ పోయిన నీళ్లతో ఆక్వా రోడ్లు జారుడుగా ఉంటాయి. జనవరి పొద్దుటి మంచు సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక, పొద్దున మంచు విడేదాకా బండి కదపకుండా ప్లాను వేసుకుంటే ఈ మూడూ తప్పుతాయి. ఎలాగూ దూరాలు తక్కువే.

రాత్రి కొబ్బరి చెట్టు కింద నిలపొద్దు. ఫొటోకి బాగుంటుంది, ముదురు కాయ పడితే సోలారు పలక పగులుతుంది, ఆ డబ్బు మీ డిపాజిట్‌లోంచే పోతుంది. నిద్రగన్నేరు నీడ శ్రేష్ఠం. అంతర్వేది ఇసుకలోకి ఈ బండి దింపాలన్న ఆలోచనే వద్దు. వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి, వెనకే బరువు, ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఇరుక్కుంటే ఎక్సలేటర్ తొక్కకుండా దిగి, టైర్లలో గాలి సగానికి దగ్గరగా తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి, పట్టాలు పరిచి మెల్లగా లాగాలి. తారెక్కగానే మళ్లీ గాలి కొట్టించాలి. ట్రాక్టరు పిలిచేట్టయితే తాడు ఎక్కడ కట్టాలో డ్రైవర్‌కి తెలిసుండాలి. చాసిస్ కొక్కేనికే కట్టాలి, బంపరుకు కాదు.

చూడాల్సినవి, ఈ బండితో ఎంతవరకు

బండ్లంటే ఇష్టమున్న స్నేహితులు వింత ఆకారాల కార్ల మ్యూజియం కావాలంటే హైదరాబాదు బహదూర్‌పురాలో సుధా కార్స్ ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా వచ్చే జట్టు ఆటోనగర్లో ఒక పూట ఆగితే ఇంకా పనికొస్తుంది. వట్టి చాసిస్‌గా వచ్చిన లారీకి అక్కడ బాడీ ఎలా కడతారో చూశాక, మీరు ఎక్కిన క్యారవాన్‌లో ఏ అతుకు గట్టిది, ఏది బొమ్మ అతుకు అన్నది మీకే తెలుస్తుంది.

డెల్టాలో యంత్రాల వేడుక నీటి చుట్టూనే. రాజమండ్రి ఒడ్డున నిలబడితే మూడు కాలాల వంతెనలు ఒకే చూపులో కనిపిస్తాయి. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, విల్లుల్లాంటి కాంక్రీటు కమానుల వంతెన. రోడ్డు కమ్ రైలు వంతెన మీదా, ధవళేశ్వరం బ్యారేజి మీదా బరువు బండ్లకు ఆంక్షలుంటాయి. బోర్డు చూసి, అనుమానమైతే కొవ్వూరు వైపు పోయేందుకు 2015లో తెరిచిన నాలుగో వంతెన పట్టుకోండి.

ధవళేశ్వరానికి ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజి దాని స్థానంలో 1982కి సిద్ధమైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. కాటన్ మ్యూజియంలో నమూనాలు, ఆనకట్ట పనుల్లో వాడిన పాత యంత్రాలు ఉన్నాయి. గేర్లు, బాయిలర్లు అంటే ఆసక్తి ఉన్నవాళ్లను అక్కణ్నుంచి లాక్కురావాలి. పి.గన్నవరం అక్విడక్టు దగ్గర కాలువ నదినే దాటుతుంది, కింద వైనతేయ, పైన సాగునీరు. పాత కట్టడం పక్కనే కొత్తది. బండి మెయిన్ రోడ్డు మీదే వదిలి నడవండి.

ఇక పంటు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమి మీద కార్లనూ బైకులనూ దాటించే బల్లకట్టు ఇది. స్నేహితులంతా బండితో సహా ఎక్కాలని సరదా పడేది దీని మీదే. ఈ బండితో వద్దని మా సలహా. పంటు ముందు రేకు వంతెన వాలి రేవును ఆనుకుంటుంది. పోటు మీదున్నప్పుడు అది చదునుగా ఉంటుంది, పాటు సమయంలో నీరు దిగి వాలు నిటారవుతుంది. కారుకు ఫర్వాలేదు. ట్రావెలర్‌కు వెనక చక్రాల తర్వాత మీటరున్నర దాకా తోక వేలాడుతుంది, దాని కింద వాడిన నీళ్ల ట్యాంకు వాల్వు, మడత మెట్టు. ముందు చక్రాలు పైకెక్కగానే ఆ వాల్వు నేలకు రాసుకుని విరుగుతుంది. తప్పనిసరై ఎక్కించేట్టయితే రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, అందరూ దిగి, నిండు పోటు మీద, పంటు నడిపే సరంగు ఒప్పుకుంటేనే. ఎక్కాక హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు, చక్రాల కింద చెక్క దిమ్మలు. సరంగు వద్దంటే వాదించకండి, పంటు బరువు ఆయనకు తెలుసు. సుఖమైన పని ఏమిటంటే బండి సఖినేటిపల్లిలో నిలిపి కాలినడకన పంటెక్కి నరసాపురంలో టీ తాగి రావడం. బండి అవతలికి చేరాల్సిందేనంటే దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా పోవచ్చు.

ప్రకృతి విషయానికొస్తే కోరింగ ఒక్కటీ ఈ బండికి చక్కగా కుదిరే చోటు. యానాం, కాకినాడ రోడ్డుకు దగ్గర్లోనే మడ అడవి, నేలకు పైన చెక్కబాట. తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి మేకుల్లా లేచిన శ్వాసవేర్లు పాటు సమయంలోనే బాగా కనిపిస్తాయి, బోటు షికారుకు పోటు కావాలి. రెండూ కావాలంటే ఆ రోజు పోటు ఎప్పుడో ముందే కనుక్కుని అరపూట కేటాయించండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో బావురుపిల్లి ఉంటుంది, కానీ పగటిపూట కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. దగ్గర్లో తాళ్లరేవు వైపు కొయ్య పడవలు కట్టేవాళ్ల పని చూడదగ్గది. అనుమతి అడిగి, దూరంగా నిలబడి చూడండి. కొల్లేరు ఈ చుట్టుకు బయటే అయినా, నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్లేవాళ్లు కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతుల కోసం ఒక రోజు కలుపుకోవచ్చు.

కడియం నర్సరీల సందులు, అంబాజీపేట పొట్టిక్కల హోటళ్లు, ఆత్రేయపురం పూతరేకుల ఇళ్లు, లంక ఊళ్లు, ఇలాంటివన్నీ ఈ బండికి అందవు. బండిని అమలాపురంలోనో దిండిలోనో కుదురుగా పెట్టి, రోజుకు ఒక ఆటో మాట్లాడుకుని తిరగడమే దారి. ఆటో అద్దె కలిపినా, క్యారవాన్‌ను ప్రతి సందుకూ తిప్పి గీతలు పడేసుకునే ఖర్చు కన్నా తక్కువే.

లోపలి వసతి

పడకలు గట్టివి, ఆరడుగుల మనిషికి సరిపోతాయి. మెత్తల కింద గాలాడే పట్టీల బదులు ప్లైవుడ్ పలక వేశారు. మన తేమకు తెల్లారేసరికి మెత్త అడుగు చెమ్మగిల్లుతుంది, నాలుగో రోజుకు బూజు వాసన. రోజూ పొద్దున్నే మెత్తలు నిలబెట్టి తలుపులు తెరవండి. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాను కలిపితే చెమ్మా తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. సింకు కింద అల్మరా అంచులు వేళ్లతో నొక్కి చూస్తే ఉబ్బి ఉన్నాయి. అంటే వాటర్‌ప్రూఫ్ ప్లై కాదు, పీచు చెక్క. కిటికీల దోమతెరలు బాగున్నాయి, తలుపుకు లేదు. డెల్టాలో సాయంత్రం ఆరింటికి తలుపు తీసి ఉంచితే రాత్రంతా జాగారమే. అయస్కాంతాల దోమతెర ఒకటి కొనుక్కెళ్లండి.

గ్యాసు 5 కిలోల సిలిండరు. లీకు పసిగట్టే పరికరాన్ని కప్పు దగ్గర బిగించారు. వంటగ్యాసు గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది, పరికరం నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. అలా లేని బండిలో గ్యాసు వాడకండి, సిలిండరు రెగ్యులేటరు తీసి పక్కన పెట్టించి ఇండక్షన్‌తో సరిపెట్టుకోండి. నిజానికి టీ, ఉడకబెట్టిన గుడ్లు తప్ప ఇక్కడ వంట పెట్టుకోవడమే దండగ. నాలుగడుగులేస్తే పెసరట్టు దొరికే సీమ ఇది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా అప్పజెప్పాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. ఏసీ అవసరం సగానికి తగ్గుతుంది కాబట్టి బ్యాటరీ బాధా సగమే. సంక్రాంతి వారం మాత్రం వద్దు. పందేల బరుల వైపు పోయే కార్లతో ఊరి రోడ్లన్నీ నిండిపోతాయి, ఏడు మీటర్ల బండికి యూటర్ను కూడా దొరకదు. జులై నుంచి సెప్టెంబరు వరదకాలం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వార్త రాగానే లంకల వైపు, కాజ్‌వేల వైపు బండి తిప్పడం మానేయాలి. పులస కోసం ఆ రోజుల్లోనే రావాలనుకునేవాళ్లు కారులో రండి.

బండి తీసుకున్నప్పుడు వీడియో తీయండి: నాలుగు వైపులా, కప్పు మీద పలకలు, అడుగున వాల్వు, మీటరు రీడింగు, డీజిలు ముల్లు, సింకు కింద అంచులు. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో చూడండి. తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బా టాయిలెట్ ఖాళీ చేసి కడిగి ఇవ్వకపోతే క్లీనింగ్ ఛార్జీ వేస్తారు. సముద్రపు గాలి తగిలిన బండిని కాకినాడలోనో రాజమండ్రిలోనో వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చి అడుగుభాగం మంచినీళ్లతో కొట్టించండి. చాసిస్, మెట్టు, ట్యాంకు పట్టీలు ఉప్పుకు తుప్పు పట్టకుండా ఉంటాయి. ఆ రసీదు దాచండి. తుప్పు పేరు చెప్పి డిపాజిట్ పట్టుకుంటే చూపించడానికి అదొక్కటే కాగితం.